చిన్న పడవకు ఆటోమేటిక్ బిల్జ్ పంపును ఎలా ఎంచుకోవాలి, ఎలా అమర్చాలి?
పడవ అడుగున చేరే నీటిని తనంతట తానే తోడిపోసే ఈ పంపు విషయంలో ముందుగా తేల్చుకోవలసినది సామర్థ్యం. గంటకు ఇన్ని లీటర్లని పెట్టెపై ముద్రించే అంకె సాధారణంగా నీటిని పైకి ఎత్తే పని లేనప్పుడు కొలిచినది కాబట్టి, గొట్టం మీటరు ఎత్తుకు ఎక్కి వంపులు తిరిగే అసలు పడవలో అంత నీరు బయటికి పోదు. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల దిగువన 2.5 సెంటీమీటర్ల వ్యాసం గల రంధ్రం పడితే గంటకు సుమారు 2,500 లీటర్లు లోపలికి వస్తాయి. 1,900 లీటర్ల పంపు దానికి చాలదు. అందుచేత స్థలం, బ్యాటరీ అనుమతించినంతలో పెద్దదే తీసుకోవాలి. అయినా పంపు కొంత వ్యవధి ఇస్తుందే తప్ప రంధ్రాన్ని పూడ్చదు.

పంపును నీరు చేరే అత్యంత పల్లపు చోట బిగించి, అది ఖాళీగా తిరగకుండా ఫ్లోట్ స్విచ్‌ను (నీటిమట్టం పెరిగినప్పుడు తేలి పంపును నడిపించే స్విచ్) కాస్త ఎత్తులో అమర్చాలి. గొట్టం లోపలివైపు నున్నగా ఉండాలి. దాని చివర, పడవ ఒరిగినా మునగనంత ఎత్తులో తెరుచుకోవాలి, లేకపోతే బయటి నీరే వెనక్కి రావచ్చు. నీరు వెనక్కి రాకుండా వాల్వు పెట్టడం తేలిక పరిష్కారంలా కనిపిస్తుంది గాని, చెత్త ఇరుక్కుంటే అదే దారిని మూసేస్తుంది.

మెయిన్ స్విచ్ ఆపినా పంపు పనిచేయాలంటే ఫ్లోట్ స్విచ్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, దాని దగ్గరే పెట్టిన ఫ్యూజు ద్వారా అందాలి. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో తయారీదారు సూచన ప్రకారమే ఉండాలి. తీగల అతుకులు నీటికి అందని ఎత్తులో ఉండాలి. ఎందుకంటే అతుకులు తుప్పు పడితే పంపు మొరాయిస్తుంది.