బోరు నీళ్లలో 'లేదు' అని రాసే ముందు

బిడ్డా,

హన్మకొండ ల్యాబులో నీళ్ల శాంపిళ్ల పని నీకు అప్పగించారని తెలిసి సంతోషం. నీళ్లల్ల కరిగిన సారిన్, మస్టర్డ్ అనే రసాయన ఆయుధాల విషాలు ఎక్కువ రోజులు నిలవవు. నువ్వు వెతకాల్సింది అవి విడిపోయాక మిగిలేవాటిని: సారిన్ నుంచి ఐసోప్రొపైల్ మిథైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లం, చివరికి మిథైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లం, మస్టర్డ్ నుంచి థయోడైగ్లైకాల్. భాస్వరానికీ కార్బన్‌కూ నడుమ బంధాన్ని నీళ్లు తెంపలేవు. పత్తి చేన్లల్ల కొట్టే పురుగుమందు మోనోక్రోటోఫాస్‌లో ఆ బంధం ఉండదు కాబట్టి అది ఈ ఆమ్లాన్ని ఇవ్వదు.

మన దగ్గర అసలు చిక్కు సున్నంతో. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లపొర పడుతుంది చూడు, శాంపిల్ ఆరబెట్టిన వయల్ (చిన్న గాజు సీసా)లో కూడా అదే పడుతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫోనిక్ ఆమ్లాన్ని పట్టుకుంటే సిలైలేషన్, అంటే యంత్రం చూడగలిగేలా ఆమ్లాన్ని తేలిగ్గా ఆవిరయ్యే రూపంలోకి మార్చడం, జరగదు. యంత్రం గీసే గీతలో ఆ పదార్థాన్ని చూపే పీక్ (శిఖరం) రాదు, నువ్వు 'లేదు' అని రాసేస్తావు. అందుకే 5 మి.లీ. శాంపిల్‌ను హైడ్రోజన్ రూపంలో ఉన్న కేటయాన్ ఎక్స్‌చేంజ్ కార్ట్రిడ్జ్ (కాల్షియం, మెగ్నీషియంను పట్టుకొని హైడ్రోజన్‌ను వదిలే గొట్టం) గుండా చుక్కచుక్కగా పోనియ్యి. కార్ట్రిడ్జ్‌ను ముందు మిథనాల్‌తో, తర్వాత శుద్ధమైన నీళ్లతో తడపడం మరువకు. బయటికొచ్చే నీళ్ల పీహెచ్ బాగా దిగాలి. దిగకపోతే కార్ట్రిడ్జ్ నిండినట్టే, కొత్తది పెట్టు.

తర్వాత పూర్తిగా ఆరబెట్టు. తడి కాస్త మిగిలినా సిలైలేషన్ చేసే రసాయనం బీఎస్టీఎఫ్ఏ ముందు నీళ్లతోనే కలిసి ఖర్చయిపోతుంది. ఆరిన శాంపిల్‌కు బీఎస్టీఎఫ్ఏను అసిటోనైట్రైల్ అనే ద్రావకంతో కలిపి 60 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, జీసీ-ఎంఎస్‌లో (ఆవిరిగా విడదీసి అయాన్ల బరువు కొలిచే యంత్రం) 1 మైక్రోలీటర్ ఎక్కించు. మిథైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లానికి 225, ఐసోప్రొపైల్ దానికి 153, 195 బరువుల అయాన్లు చూడు. థయోడైగ్లైకాల్‌కు శాంపిల్‌లో వేరే భాగం తీసుకొని, ఎల్సీ-ఎంఎస్ (ద్రవంగానే విడదీసి కొలిచే యంత్రం) పాజిటివ్ మోడ్‌లో, అంటే ధనావేశం ఉన్న అయాన్లలో, 123 వెతుకు. సోడియం అంటుకుంటే 145 దగ్గర వస్తుంది. ఆమ్లాలను నెగెటివ్ మోడ్‌లో (రుణావేశ అయాన్లలో) 95, 137 దగ్గర మళ్లీ చూడు. హేగ్‌లోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ నైపుణ్య పరీక్షల్లో కూడా ఒక్క పద్ధతితో గుర్తించింది చెల్లదు, రెండు కావాలి.

ప్రతి బ్యాచ్‌లో రెండు వయల్స్ అదనంగా నడిపించు. ఒకటి శుద్ధమైన నీళ్ల బ్లాంక్, అంటే ఏమీ కలపనిది. దాంట్లో పీక్ వస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టు. సిరంజీలోనో, లైనర్‌లోనో (శాంపిల్ ఎక్కించే చోటుండే గాజు గొట్టం) పాత శాంపిల్ మిగిలి ఉంటుంది. రెండోది అదే బోరు నీళ్లలో తెలిసినంత ప్రమాణ పదార్థం కలిపింది. ఇది రాకుండా 'లేదు' అని సంతకం పెట్టకు. శుద్ధమైన నీళ్లలో వచ్చిన రికవరీని (కలిపినదాంట్లో తిరిగి దొరికిన వంతును) ఇక్కడ లెక్కలోకి తీసుకోవద్దు.

పీక్ వచ్చిందని ఆగం కావద్దు కూడా. థయోడైగ్లైకాల్ సిరాల్లో, రంగుల్లో ద్రావకంగా వాడతారు. మంటలను ఆపే కొన్ని రసాయనాలు విడిపోయినా మిథైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లం వస్తుంది. రిపోర్టులో ఏ పదార్థం దొరికింది, ఎంత దొరికింది, అంతవరకే రాయి. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించి రాస్తే ఒక ఊరు ఊరంతా భయపడుతుంది.

సీసాల్ని నిండా నింపి, చీకట్లో, 4 డిగ్రీల దగ్గర పెట్టు. సగం శాంపిల్ ముట్టకుండా దాచు, మళ్లీ చూడమంటే అదే దిక్కు.