‘ఇంటర్ అవగానే జపాన్ వెళ్లి గాజు కోస్తానంటోంది’

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. బొమ్మలు బాగా వేస్తుంది. ఆరు నెలలుగా ఫోన్‌లో జపాన్ వాళ్లు గాజు గ్లాసుల మీద డిజైన్లు కోసే వీడియోలే చూస్తోంది. దాన్ని ‘ఎడో కిరికో’ అంటారట. ఇంజినీరింగ్ వద్దు, టోక్యో వెళ్లి అది నేర్చుకుంటానంటోంది. వాళ్ల నాన్నగారు దాంతో మాట్లాడటం మానేశారు. ఇందులో కూడు పెట్టే దారి ఏమైనా ఉందా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు వాళ్ల నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఇది ఫోన్‌లో పుట్టిన సరదా పని కాదు. టోక్యోని ఎడో అని పిలిచే రోజుల్లో, 1834లో, కాగాయా క్యూబెయ్ అనే గాజు వ్యాపారి ఎమరీ అనే గట్టి రాతి పొడితో గాజు మీద గీతలు కోయడంతో ఇది మొదలైందని చెబుతారు. 1881లో ఇమాన్యుయెల్ హాప్ట్‌మన్ అనే నిపుణుణ్ని ఇంగ్లండ్ నుంచి పిలిపించుకుని అక్కడివాళ్లు యూరప్ పద్ధతిలో గాజు కోయడం నేర్చుకున్నారు. జపాన్ ప్రభుత్వం 2002లో దీన్ని జాతీయ సంప్రదాయ కళగా గుర్తించింది. వాళ్లే ఒకప్పుడు పరాయి దేశం మనిషి దగ్గర నేర్చుకున్నారు కాబట్టి మీ అమ్మాయి అక్కడికి వెళ్లి నేర్చుకోవాలనుకోవడంలో వింతేమీ లేదు. ఎప్పుడు వెళ్లాలి, ఏం చేతబట్టుకుని వెళ్లాలి అన్నదగ్గరే నాకు తనతో పేచీ.

వీడియోలో నిమిషంలో అయిపోయే పని అసలు ఎలా ఉంటుందో చెబుతాను. రంగులేని గాజు మీద పల్చటి రంగు గాజు పొర వేసి ఊదిన గ్లాసు కోసేవాళ్ల చేతికి వస్తుంది. దాని మీద ముందు అడ్డం, నిలువు గీతలు గుర్తు పెట్టుకుంటారు. మన చుక్కల ముగ్గులో చుక్కల్లాగా ఇవి ఆధారం మాత్రమే, డిజైన్ మొత్తం ఎవరూ గీసి ఇవ్వరు. తర్వాత నీళ్లు పడుతూ తిరిగే డైమండ్ చక్రానికి గ్లాసు ఆనించి కోస్తారు. కోత పడేది గ్లాసు బయటి వైపున, చక్రం తగిలే చోట. అది కంటికి నేరుగా కనపడదు. గ్లాసు లోపలి నుంచి, గాజులోంచి చూస్తూ చేతి ఒత్తిడితో లోతు పట్టుకోవాలి. అందుకే నల్ల గ్లాసంటే చెయ్యి తిరిగినవాళ్లు కూడా జంకుతారు. అవతలి పక్క కనపడదు మరి!

ఆ మొదటి కోత గరుకుగా ఉంటుంది. దాన్ని సానరాయి చక్రంతో నున్నగా చేయాలి, ఆ తర్వాత చెక్క చక్రంతో మెరుగు పెట్టాలి. ప్రతి గీతనీ మళ్లీ మళ్లీ ముట్టుకోవాల్సిందే. ‘ననాకో’ అనే డిజైన్ ఉంది. ననాకో అంటే చేప గుడ్లు. ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతే గ్లాసంతా గుడ్లు పరిచినట్టు మెరుస్తుంది. అందులో ఒక్క గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా దూరం నుంచే తెలిసిపోతుంది. చెక్క అయితే లప్పం పెట్టి సర్దుకోవచ్చు, గాజుకి ఆ వీలు లేదు.

మీ అమ్మాయికి నచ్చింది ఆ మెరుపా, ఆ పనా? ఇది ఇంట్లోనే తేలుతుంది. ఒక గాజు గ్లాసు, ఒక మార్కర్ ఇవ్వండి. అంచుని సమానంగా 24 భాగాలు చేసి నిలువు గీతలు గీయమనండి. తర్వాత అడ్డగీతలు, ఆ గళ్లలో రెండువైపులా ఏటవాలు గీతలు. గ్లాసు అడుగున సన్నం, పైన వెడల్పు కాబట్టి తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. తుడిచేసి మళ్లీ గీయమనండి. పదోసారి కూడా తనంతట తాను కూర్చుంటే నేను తన పక్షమే. (మెరుగు కోసం కొన్నిచోట్ల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు. ఎంపీసీ పిల్ల కదా, ఇంట్లో ఆ ప్రయోగం జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. అది ఎముక దాకా పాకే యాసిడ్.)

ఇంకో చిన్న సంగతి. తను చూసే వీడియోల్లో రంగు అంచుల దగ్గర మెల్లగా పలచబడుతూ కనిపిస్తే అది ఎడో కాదు, సత్సుమా కిరికో. అది దక్షిణాన కగోషిమాలో చేస్తారు. మధ్యలో వందేళ్లకు పైగా అంతరించిపోయి 1985లో మళ్లీ మొదలైంది. టోక్యో ఒక్కటే దారి కాదని తనకీ తెలియాలి.

ఇక కూడు సంగతి. ఇంటర్ అవగానే వెళ్లి ఏదో వర్క్‌షాప్‌లో చేరిపోతానంటే కుదరదు. సంప్రదాయ కళలు నేర్చుకోవడానికి జపాన్ ఇచ్చే ‘కల్చరల్ యాక్టివిటీస్’ వీసా మీద సంపాదించకూడదు. అంటే నేర్చుకున్నన్నాళ్లూ ఖర్చు మీదే. పైగా అక్కడ ‘సంప్రదాయ కళాకారుడు’ అనే జాతీయ గుర్తింపు పరీక్ష రాయాలంటేనే 12 ఏళ్ల అనుభవం కావాలి. టోక్యోలోని కోతో, సుమిదా వార్డుల్లో ఉన్నవి ఎక్కువగా చిన్న వర్క్‌షాపులు, చాలావరకు కుటుంబాలు నడిపేవి. భాష రాని పద్దెనిమిదేళ్ల పిల్లని ఎందుకు తీసుకుంటారు?

నేనైతే ఇలా చేయమంటాను. ఈ ఏడాదే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశ పరీక్ష, డీఏటీ, రాయించండి. అహ్మదాబాద్ ఎన్ఐడీలో నాలుగేళ్ల బి.డిజైన్‌లో సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ ఉంది. మన ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీలో గాజుకి ప్రత్యేక బ్రాంచ్ లేదు, ఫారం నింపేటప్పుడు గుర్తుంచుకోండి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ కాబట్టి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వదలొద్దు. ఆ నాలుగేళ్లూ పక్కనే జపనీస్ నేర్చుకుంటూ ఆ భాష పరీక్ష జేఎల్‌పీటీలో కనీసం ఎన్3 (మధ్య స్థాయి) దాటాలి, దానికి పైది ఎన్2 అయితే ఇంకా మంచిది. డిగ్రీ చేతికొచ్చాక జపాన్ విద్యాశాఖ ఇచ్చే ‘మెక్స్ట్’ రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి పెట్టుకోవచ్చు. దొరికితే ఫీజు, నెల ఖర్చు, విమాన టికెట్ వాళ్లవే. జపాన్‌లోనే తోయామా నగరంలో గాజు కళ కోసమే 1991లో పెట్టిన సంస్థ కూడా ఉంది, అక్కడ రెండేళ్ల కోర్సు చేయొచ్చు.

రేపు కిరికో కుదరకపోయినా గ్లాస్ డిజైనర్‌గా టేబుల్‌వేర్, లైటింగ్, ఇంటీరియర్ కంపెనీల్లో పని ఉంటుంది. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చి చూడకండి, మొదటి ఐదేళ్లు తక్కువగానే ఉంటాయి. ఈ మాట ఇప్పుడే తనతో చెప్పండి, నేను చెప్పానని చెప్పినా ఫరవాలేదు.

వాళ్ల నాన్నగారిని కూడా ఆ మార్కర్ పట్టుకుని ఒక గ్లాసు మీద గీయమనండి. తండ్రీకూతుళ్లు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.