అక్కడ చవకే... ఇంటికి చేరేసరికి ఎంత?

విదేశాల నుంచి ఎలక్ట్రానిక్ వస్తువులు తెప్పించుకోవడం, ప్రయాణంలో కొని తెచ్చుకోవడం గురించి వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం. లెక్కల్లో కరెన్సీ పేరు రాయలేదు, మీరు వాడే డబ్బే అనుకోండి. పన్ను శాతాలు కూడా లెక్క అర్థం కావడానికే. అసలు రేటు మీ దేశపు కస్టమ్స్ పట్టికలో చూసుకోవాలి.

ప్రశ్న: విదేశీ వెబ్‌సైట్‌లో ఒక కెమెరా ఇక్కడి కన్నా పాతిక శాతం తక్కువకు ఉంది. దిగుమతి సుంకం పది శాతమేనట. అంటే పదిహేను శాతం మిగిలినట్టేనా?

జవాబు: మిగలదు. పైగా చేతిచమురు వదిలే అవకాశమే ఎక్కువ.

అక్కడ 1,000, ఇక్కడ 1,333 అనుకుందాం. రవాణా 80, బీమా 20 కలిపితే 1,100. చాలా దేశాల్లో సుంకం పడేది ఈ 1,100 మీద, కెమెరా ధర మీద మాత్రమే కాదు. సరుకు, బీమా, రవాణా కలిసిన ఈ మొత్తాన్నే కస్టమ్స్ భాషలో సీఐఎఫ్ విలువ అంటారు. అమెరికా లాంటి కొన్ని దేశాలు మాత్రం రవాణా ఖర్చు కలపవు. పది శాతం సుంకం 110, మొత్తం 1,210. వ్యాట్ (వస్తువు అమ్మకం మీద వేసే పన్ను) 20 శాతం అనుకుంటే అది ఈ 1,210 మీద పడుతుంది: 242. అంటే సుంకం మీద కూడా పన్ను కడుతున్నారు. ఇప్పటికి 1,452. మీ తరఫున పన్ను ముందుగా కట్టినందుకు కొరియర్ వాళ్లు తీసుకునే ఫీజు 30 అనుకోండి. విదేశీ చెల్లింపుకు బ్యాంకు వేసే 3 శాతం మరో 33. చివరికి 1,515. పక్క దుకాణంలో 1,333కే వచ్చేది.

ఈ పొరపాటు ఎక్కడ మొదలవుతుందంటే, పన్ను కలవని ధరను పన్ను కలిసిన ధరతో పోల్చడం దగ్గర. అమెరికా వెబ్‌సైట్లలో కనిపించే ధరలో సేల్స్ ట్యాక్స్ ఉండదు. మీకు స్థానికంగా కనిపించే ధరలో వ్యాట్ కలిసే ఉంటుంది. 1,333ను 1.2తో భాగించండి, 1,111 వస్తుంది. అసలు తేడా 1,000కీ 1,111కీ మధ్య ఉన్నదే. అందులో నూరు రవాణా, బీమాలకే సరి. ఏ వస్తువు గురించైనా మొదట చేయాల్సింది ఈ భాగహారం.

సుంకం అన్ని వస్తువులకూ ఒకటి కాదు. 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు కొన్ని కుదుర్చుకున్న సమాచార సాంకేతిక ఒప్పందం వల్ల కంప్యూటర్లు, వాటి భాగాలు చాలా దేశాల్లో సుంకం లేకుండానే వస్తాయి. 2015లో ఆ జాబితాకు మరో 201 రకాలు చేరాయి. అయితే సుంకం సున్నా అయినా వ్యాట్ తప్పదు. పై లెక్కలో సుంకం తీసేస్తే వచ్చేది 1,383. అప్పుడూ నష్టమే. కొనేముందు అమ్మకందారును హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు వస్తువు రకాన్ని గుర్తించే అంకె, అడగండి. ఫోన్లు 8517, కంప్యూటర్లు 8471, టీవీలు, మానిటర్లు 8528, హెడ్‌ఫోన్లు 8518, ఛార్జర్లు 8504 కింద వస్తాయి. ఆ అంకెతో మీ కస్టమ్స్ పట్టికలో వెతికితే రేటు తెలుస్తుంది.

"చిన్న పార్శిళ్లకు పన్ను లేదు" అన్న పాత సలహాను నమ్ముకోవద్దు. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు వస్తువులకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న ఎత్తేసింది. అమెరికా 800 డాలర్ల మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ నిలిపేసింది.

ప్రశ్న: యూరప్ వెళ్తున్నాను. అక్కడ ల్యాప్‌టాప్ కొంటే 20 శాతం వ్యాట్ వెనక్కి వస్తుందంటున్నారు. ఎలా తీసుకోవాలి?

జవాబు: ముందు ఆ 20 శాతం సంగతి. 100 మీద 20 పన్ను వేస్తే బిల్లు 120. ఆ 120లో పన్ను వాటా ఆరో వంతు, అంటే 16.67 శాతం. అందులోంచి రీఫండ్ ఏజెన్సీ తన కమిషన్ తీసుకుంటుంది. చేతికొచ్చేది బిల్లులో 12 శాతం దరిదాపుల్లో ఉంటుందని లెక్కేసుకోండి.

యూరోపియన్ యూనియన్ బయట నివసించేవారికే ఈ సౌకర్యం. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ఫారం అడగాలి, తర్వాత అడిగితే చాలా దుకాణాలు ఇవ్వవు. కనీస కొనుగోలు మొత్తం దేశాన్ని బట్టి మారుతుంది. ఫారంలో పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. కొన్న నెల తర్వాత మూడో నెల ఆఖరులోగా వస్తువు యూనియన్ దాటిపోవాలి.

డబ్బు పోయేది ఎక్కువగా విమానాశ్రయంలోనే. ల్యాప్‌టాప్‌ను సూట్‌కేసులో పెట్టి చెక్-ఇన్ చేసేస్తారు. కస్టమ్స్ అధికారి వస్తువు చూపించమంటే చూపించడానికి ఉండదు, ముద్ర పడదు. ముద్ర లేని ఫారానికి రీఫండ్ రాదు. కాబట్టి ముందు కస్టమ్స్, ఆ తర్వాతే చెక్-ఇన్. ఫ్రాన్స్‌లో అయితే పాబ్లో అనే యంత్రం దగ్గర ఫారం మీది బార్‌కోడ్ చూపిస్తే సరిపోతుంది. ఇంకో మాట: ముద్ర వేయించాల్సింది యూనియన్‌ను వదిలే చివరి విమానాశ్రయంలో. రోమ్‌లో కొని పారిస్‌లో విమానం మారితే, వస్తువు చేతి సంచిలో ఉన్నప్పుడు పారిస్‌లో వేయించుకోవాలి. ముద్ర వేయించడానికే కనీసం గంట అదనంగా పెట్టుకోండి.

ఈ పద్ధతి అన్ని చోట్లా లేదు. బ్రిటన్ ప్రధాన భూభాగంలో 2021 జనవరి 1తో ఆగిపోయింది. అమెరికాలో పర్యాటకులకు సేల్స్ ట్యాక్స్ తిరిగివ్వడం సాధారణంగా ఉండదు. కాకపోతే ఆరెగాన్, డెలావేర్, మోంటానా, న్యూహాంప్‌షైర్, అలాస్కాల్లో రాష్ట్ర స్థాయి సేల్స్ ట్యాక్సే లేదు. హాంకాంగ్‌లోనూ అమ్మకపు పన్ను లేదు కనుక రీఫండ్ ప్రశ్నే రాదు.

తిరిగి వచ్చాక మీ దేశపు ప్రయాణికుల పరిమితి దాటితే సుంకం కట్టాలి. ఒక్క ఖరీదైన వస్తువును ఇంట్లో ఇద్దరి పరిమితుల కింద పంచుకోవడానికి చాలా దేశాలు ఒప్పుకోవు. కట్టాల్సి ఉంటే రెడ్ ఛానల్‌లోకి వెళ్లి మీరే చెప్పండి. కట్టాల్సింది ఏమీ లేనివారి దారి అయిన గ్రీన్ ఛానల్‌లో పట్టుబడితే జరిమానా కూడా పడుతుంది, వస్తువూ పోవచ్చు.

ప్రశ్న: ఫోన్ ఏ దేశంలో కొన్నా ఒకటే కదా? మోడల్ పేరు అదే ఉంది.

జవాబు: పేరు ఒకటే, ఫోన్ ఒకటి కాదు. విదేశంలో కొన్నవారు ఎక్కువగా ఇబ్బంది పడేది ఫోన్ విషయంలోనే.

మొదటిది సిమ్. అమెరికా కోసం చేసిన ఐఫోన్లలో 2022లో వచ్చిన 14 నుంచి సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈ-సిమ్ (ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్). చైనాలో అమ్మే ఐఫోన్లలో చాలావాటికి రెండు సిమ్‌లు పడతాయి, ఈ-సిమ్ ఉండదు. మీ నెట్‌వర్క్ ఏది ఇస్తుందో తెలుసుకోకుండా కొనవద్దు.

రెండోది బ్యాండ్లు, అంటే ఫోన్ సిగ్నల్ అందుకునే ఫ్రీక్వెన్సీలు. యూరప్‌లో దూరాలకూ గోడల లోపలికీ సిగ్నల్ అందించే వాటిలో ముఖ్యమైనది 800 మెగాహెర్ట్జ్ మీద నడిచే బ్యాండ్ 20. అమెరికాలో ఆ పని 600, 700 మెగాహెర్ట్జ్ దగ్గరి 71, 12, 13 బ్యాండ్లది. ఫోన్‌లో అవసరమైన లో-బ్యాండ్ లేకపోతే రోడ్డు మీద సిగ్నల్ నిండుగా ఉంటుంది, లోపలి గదిలోకి రాగానే పడిపోతుంది. అప్పుడు చాలామంది నెట్‌వర్క్‌ను తప్పుపడతారు. పెట్టె మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరంతో సహా, తయారీ సంస్థ సైట్‌లో వెతికి, ఆ బ్యాండ్ల జాబితాను మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లతో ఒక్కొక్కటిగా సరిచూడండి.

బ్యాండ్లు కలిసినా కాల్స్ రాకపోవచ్చు. 4జీ మీద మాట్లాడే వోల్టీని కొన్ని నెట్‌వర్క్‌లు తాము పరీక్షించిన మోడళ్లకే తెరుస్తాయి. పాత 2జీ, 3జీ ఉన్నంతకాలం ఫోన్ వాటి మీదికి దిగి కాల్ కలిపేది, ఇప్పుడు అవి మూతపడుతున్నాయి. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరులో 3జీ ఆగాక, 4జీ మీద అత్యవసర కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్‌లు అడ్డుకోవడం మొదలుపెట్టాయి. డేటా వస్తూ కాల్స్ రాని ఫోన్‌కు ఎక్కువసార్లు కారణం ఇదే.

లాక్ సంగతి కూడా చూడండి. నెట్‌వర్క్ సంస్థ వాయిదాల మీద ఇచ్చిన ఫోన్ చవకగా దొరికితే అది లాకై ఉండొచ్చు, అంటే వేరే నెట్‌వర్క్ సిమ్‌తో పనిచేయదు. వాయిదాలు ఆగితే బ్లాక్ కూడా అవుతుంది. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరు పెట్టె మీది నంబరుతో సరిపోవాలి. కొన్ని దేశాల్లో బయటి నుంచి తెచ్చిన ఫోన్‌ను రుసుము కట్టి నమోదు చేయాలి. తుర్కియేలో నమోదు చేయని ఫోన్ 120 రోజుల తర్వాత స్థానిక నెట్‌వర్క్ మీద పనిచేయదు. ఆ రుసుము కలపకుండా ఫోన్ చవకని అనుకోవద్దు.

చైనా మార్కెట్ ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ సేవలు సరిగా ఉండవు. మధ్యలో ఉన్న వ్యాపారి తన చేత్తో గ్లోబల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్ముతాడు. మొదటి కొన్నాళ్లు బాగానే ఉంటుంది. అప్‌డేట్ వచ్చి మీరు దాన్ని ఒప్పుకున్నాక ఫోన్ మళ్లీ ఆన్ కాకపోవచ్చు, బ్యాంకు యాప్‌లు కూడా మొరాయిస్తాయి.

ప్రశ్న: అమెరికా నుంచి హెయిర్ డ్రయర్ తెప్పించాను. ప్లగ్ మార్చే అడాప్టర్ పెడితే చాలా?

జవాబు: దయచేసి పెట్టకండి. ఆ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీని కాదు. 120 వోల్టులకు చేసిన 1,500 వాట్ల డ్రయర్‌ను 230 వోల్టులకు తగిలిస్తే శక్తి వోల్టేజీ నిష్పత్తి వర్గంలో పెరుగుతుంది. సుమారు 3.67 రెట్లు, అంటే 5,500 వాట్లు. తీగ చుట్ట కొద్ది క్షణాల్లో ఎర్రబడి కాలిపోతుంది, పొగ లేదా మంట వస్తుంది. వేడి పుట్టించేవి, మోటారు ఉన్నవి విదేశంలో కొనకపోవడమే నయం. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు కానీ అంత లోడ్‌కు సరిపోయేది మోయలేనంత బరువుంటుంది.

ఛార్జర్ వెనుక సన్న అక్షరాలు చదవండి. "ఇన్‌పుట్ 100-240 వోల్ట్స్, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా ఛార్జర్లు సాధారణంగా ఇలాంటివే. 100 అనో 120 అనో ఒక్క అంకే ఉంటే అది వేరే చోటికి పనికిరాదు. జపాన్‌లో వోల్టేజీ 100 కాబట్టి అక్కడి వస్తువుల లేబుల్‌ను మరీ జాగ్రత్తగా చూడాలి.

ప్రశ్న: అంతర్జాతీయ వారంటీ అని రాసి ఉంది. చెడిపోతే ఇక్కడే బాగు చేయిస్తారుగా?

జవాబు: ఆ రెండు మాటలు చాలవు, వారంటీ కాగితం చదవాలి. ల్యాప్‌టాప్‌లకు ఇది తరచుగా నిజమే. ఫోన్లు, గేమింగ్ కన్సోళ్లు, టీవీలకు వారంటీ కొన్న దేశానికో ప్రాంతానికో పరిమితం కావడం మామూలు. లెన్స్‌కు ఒక నియమం, కెమెరా బాడీకి ఇంకో నియమం ఉండే సంస్థలూ ఉన్నాయి. అధికారిక డీలరు కాకుండా పక్కదారిలో వచ్చిన సరుకును కొన్ని సంస్థలు డబ్బిస్తామన్నా ముట్టుకోవు. సీరియల్ నంబరు చెప్పి మీ ప్రాంతపు సర్వీస్ కేంద్రాన్ని రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబు దాచుకోండి.

తిరిగి పంపాల్సి వస్తే పంపే రవాణా ఖర్చు మీదే. బాగై వెనక్కి వచ్చేటప్పుడు కస్టమ్స్ దాన్ని కొత్త సరుకుగా లెక్కించి మళ్లీ పన్ను వేయొచ్చు. పంపే రోజే కాగితాల మీద "మరమ్మతు చేసి తిరిగి పంపుటకు" అని, సీరియల్ నంబరు, మొదటి దిగుమతి రసీదు నంబరు రాయించాలి. మేము చూసే కొలత ఇది: అన్నీ కలిపాక ఆదా 15 శాతం దాటకపోతే వారంటీని వదులుకోవడం తగదు.

ప్రశ్న: మరి తెప్పించుకోదగ్గవి ఏమీ లేవా?

జవాబు: ఉన్నాయి. లెన్స్‌లు, మెమరీ, ఎస్ఎస్‌డీ, కీబోర్డు విడిభాగాలు, మీ దేశంలో అమ్మని కొలత పరికరాలు, మార్కెట్‌లోంచి పోయిన మోడళ్ల విడిభాగాలు. ఇవి చిన్నవి, వైర్‌లెస్ సిగ్నల్‌తో పనిలేనివి, ఏ దేశంలోనైనా ఒకేలా పనిచేసేవి. పెట్టె పరిమాణం మరిచిపోవద్దు. కొరియర్ వాళ్లు సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగించి బరువు కడతారు. 60, 40, 30 పెట్టెలో మూడు కిలోల స్పీకరున్నా బిల్లు 14.4 కిలోలకే. జపాన్‌లో సోనీ కెమెరా కొనేవారు ఓవర్సీస్ మోడల్ అని అడిగి తీసుకోండి. అక్కడి దేశీయ మోడళ్లలో చాలావాటి మెనూలో జపనీస్ తప్ప వేరే భాష ఉండదు.

పవర్ బ్యాంకు తెచ్చుకునేవారు దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి. 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్లు. 100 దాకా సాధారణంగా అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థను అడగాలి, ఆపైన ఒప్పుకోరు. విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం. వాటి పార్శిళ్లు ఆలస్యం కావడానికీ, వెనక్కి పోవడానికీ ఇది ఒక పెద్ద కారణం.

ప్రశ్న: అమ్మకందారు "బహుమతి" అని రాసి, ధర తగ్గించి పంపిస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? పార్శిల్ కస్టమ్స్‌లో ఆగితే ఏం చేయాలి?

జవాబు: ఒప్పుకోవద్దు. అధికారి అదే మోడల్ ధరను వెబ్‌సైట్‌లో చూసి విలువ కడతారు, జరిమానా మీ పేరు మీద పడుతుంది. దారిలో పోయినా, పగిలినా బీమా ఇచ్చేది కాగితం మీద రాసిన తక్కువ ధరకే. దానికి బదులు డీడీపీ పద్ధతిలో పంపమనండి, పన్నులన్నీ కొనేటప్పుడే తేలిపోతాయి. డీఏపీ అంటే పన్ను మీరే గుమ్మం దగ్గర కట్టాలి.

పార్శిల్ ఆగితే ఆర్డరు బిల్లు, కార్డు చెల్లింపు రుజువు, వస్తువు పేజీ నకలు, గుర్తింపు పత్రం ఒకేసారి పంపండి. ముక్కలు ముక్కలుగా పంపితే గోదాము అద్దె పెరుగుతూ పోతుంది. "సుంకం బాకీ ఉంది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వస్తే నొక్కకండి. కొరియర్ సైట్‌ను మీరే తెరిచి, ట్రాకింగ్ నంబరు మీ చేత్తో కొట్టండి. బాకీ నిజమైతే అక్కడా కనిపిస్తుంది.