సంత పెట్టలు వచ్చాక గూట్లో గురక

ప్రశ్న: మా పెరట్లో ఇరవై దాకా నాటు కోళ్లు, నాలుగు వనరాజా పెట్టలు ఉన్నాయి. పది రోజుల కిందట సంతలో రెండు పెట్టలు కొని, ఆ సాయంత్రమే అన్నిటితో కలిపి గూట్లో వేశాం. మూడు రోజులు తిరక్కుండానే తుమ్ములు, ముక్కు వెంట చీమిడి మొదలయ్యాయి. ఇప్పుడు ఆరింటికి ముఖం వాచింది, రెండింటికి కన్ను మూసుకుపోయింది. దగ్గరికెళితే కుళ్లు వాసన. రాత్రిళ్లు గూట్లోంచి గురగుర వినిపిస్తోంది. గుడ్లు సగానికి పడిపోయాయి. ఒక్కటీ చావలేదు. మందుల షాపులో అమాక్సిసిలిన్ బిళ్లలు ఇస్తే పొడి చేసి నీళ్లలో కలిపాం, తగ్గలేదు. పక్కింటివాళ్లు కొక్కెర తెగులు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు, ఏలూరు జిల్లా

సలహా: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి ఇది కొక్కెర తెగులులా లేదు. కొరైజా అనే బాక్టీరియా జబ్బు, దానితోపాటు మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి (సి.ఆర్.డి.) కలిసి ఉండవచ్చని నా అనుమానం. పశువైద్యుడు కోడిని చూసి తేల్చాలి గాని, ఆయన వచ్చేలోపు మీరు గమనించాల్సినవి, చేయాల్సినవి చాలానే ఉన్నాయి.

గురక శబ్దం ఒక్కటే విని జబ్బు పేరు చెప్పడం ఎవరి తరమూ కాదు. అది ఎంత వేగంగా పాకింది, ముఖం ఎలా ఉంది, రెట్ట ఏ రంగులో ఉంది, ఎన్ని చచ్చాయి అన్న నాలుగూ కలిపి చూడాలి. కొరైజా సోకిన కోడికి ఒకటి నుంచి మూడు రోజుల్లోనే చీమిడి కనిపిస్తుంది. ముఖం, కళ్ల కింద వాపు, ముక్కు నుంచి దుర్వాసన దీని గుర్తులు. చావులు తక్కువ. మీ ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే. సి.ఆర్.డి. నెమ్మదిగా నడుస్తుంది. ముఖం వాపు కన్నా రాత్రి గురక, వారాల తరబడి దగ్గు, చిక్కిపోవడం ఎక్కువ.

కొక్కెర తెగులు తీరు వేరు. పగలు తిరుగుతూ ఉన్న కోడి మర్నాటికి ముడుచుకుని కూర్చుంటుంది. నోరు తెరిచి మెడ సాచి ఊపిరి పీలుస్తుంది, ఆకుపచ్చని నీళ్ల రెట్ట వేస్తుంది. బతికిన వాటికి మెడ మెలితిరగడం, కాలో రెక్కో పడిపోవడం చూస్తాం. టీకా పడని మందలో నాలుగైదు రోజుల్లో గూడు ఖాళీ అయిపోతుంది. 1920ల చివర్లో మన దేశంలో రాణిఖేత్ దగ్గర గుర్తించారు కాబట్టి ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ఇంతవరకు దానికి మందు లేదు, టీకా ఒక్కటే దిక్కు. అయితే టీకా పడిన కోళ్లలో ఈ లక్షణాలు అరకొరగా కనిపించవచ్చు. అందుకే రేపటి నుంచి రోజూ పొద్దున్నే రెట్టలు చూడండి. ఆకుపచ్చ రెట్ట గాని, మెడ వంకర గాని కనబడితే నా అంచనా తప్పినట్టే, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఎండాకాలం మధ్యాహ్నం కోడి నోరు తెరిచి రెక్కలు ఎడంగా పెట్టి రొప్పితే అది వేడికి, జబ్బుకు కాదు. తెల్లవారుజామున చల్లటి వేళ కూడా నోరు తెరిచి పీలుస్తుంటేనే భయపడాలి. నోరు తెరిపించి లోపల కూడా చూడండి. గొంతులో పసుపుపచ్చని పొరలు అంటుకుని ఉంటే అది కోడి మశూచి లోపలికి దిగిన రూపం కావచ్చు. ఆ పొరల్ని గోటితో గీకవద్దు, రక్తం కారి కోడికి ఊపిరి ఆగుతుంది.

ఇక చేయాల్సిన పని. ఈ రాత్రి కోళ్లు గూటికి చేరి సద్దుమణిగాక, లైటు వేయకుండా గూటి పక్కన కాసేపు నిలబడి వినండి. పగటి సందడిలో తెలియని గురక అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఏ కోడి గురక పెడుతుందో గుర్తుపట్టి, వాచిన వాటితోపాటు దాన్ని కూడా వేరే చోట ఉంచండి. సంత పెట్టలు రెండూ పైకి బాగానే ఉన్నా వాటిని కూడా జబ్బువాటిలోనే కలపండి. వేరు చేసిన వాటికి నీళ్ల పాత్ర వేరుగా పెట్టాలి. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటి పని చూసుకుని, చివర్లో జబ్బువాటి దగ్గరికి వెళ్లి, చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కోండి.

గ్లాసు కాచి చల్లార్చిన నీళ్లలో పావు చెంచా ఉప్పు కరిగించి, దూదితో కళ్లు, ముక్కు రంధ్రాలు పూటకోసారి శుభ్రం చేయండి. ముక్కు మూసుకుపోతే కోడికి మేత వాసన తగలదు, కన్ను మూసుకుపోతే గింజ కనబడదు. అవి సగం ఆకలితోనే నీరసిస్తాయి. తవుడు, నూకలు మెత్తగా తడిపి ముక్కు దగ్గరే పెట్టండి. నూనె, కిరోసిన్, కషాయం లాంటివి గొంతులో పోయవద్దని చేతులెత్తి చెబుతున్నాను. కోడికి ఊపిరి గొట్టం నోరు నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది. పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగి, జబ్బుతో బతకాల్సిన కోడి మన చేతుల్లో చచ్చిపోతుంది.

అమాక్సిసిలిన్ ఎందుకు పనిచేయలేదో చెబుతాను. ఆ జాతి మందులు బాక్టీరియా కణకవచం కట్టుకోనివ్వకుండా దాన్ని చంపుతాయి. మైకోప్లాస్మాకు ఆ కవచమే లేదు, కాబట్టి ఎంత పోసినా దానికి తగలదు. దానికి టైలోసిన్, డాక్సీసైక్లిన్ వంటివి వాడతాం. ఏది, ఎంత మోతాదు అన్నది డాక్టరు చెప్పాలి. ఇవి గుడ్లు పెట్టే కోళ్లని ఆయనకు ముందే చెప్పండి, దాన్నిబట్టి మందు మారుతుంది. మొదలుపెట్టాక రెండో రోజే తేరుకున్నాయని ఆపకుండా, చెప్పినన్ని రోజులు పూర్తి చేయాలి. మందు కలిపిన నీళ్లు తప్ప వేరే నీళ్లు దొరకకుండా చూడండి. ఇంటి ముందు మురుగుకాలవ ఉంటే కోళ్లు అక్కడే తాగి వస్తాయి, మందు వృథా. మందు వాడినన్నాళ్లు, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు దాకా ఆ గుడ్లు ఇంట్లో ఎవరూ తినవద్దు, అమ్మవద్దు.

గూటి సంగతి కూడా చూడండి. పొద్దున్నే తలుపు తీసి లోపలికి వంగినప్పుడు మీ కళ్లు మండితే, రాత్రంతా కోడి ఆ అమ్మోనియా పీలుస్తూ ఉందని అర్థం. ఆ ఘాటుకు ముక్కులోపలి పొర దెబ్బతిని, జబ్బుకు దారి దొరుకుతుంది. తడిసిన ఊక తీసి పొడి ఊక వేయండి. చలికని గోనెపట్టాలు నాలుగువైపులా కట్టి ఉంటే, పైభాగంలో గాలి ఆడేలా జాగా వదలండి. కొరైజా క్రిమి కోడి ఒంటి బయట రెండు మూడు రోజులకు మించి బతకదు. జబ్బువాటిని తీసేశాక గూడు కడిగి ఎండబెట్టి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచితే చాలు.

కష్టమైన మాట ఒకటి చెప్పాలి. తేరుకున్న కోళ్లు పైకి బాగున్నా క్రిమిని మోస్తూనే ఉంటాయి. మైకోప్లాస్మా గుడ్డు ద్వారా పిల్లలకు కూడా దిగుతుంది. కాబట్టి ఈ మందలోని గుడ్లు పొదగేయవద్దు, ఈ కోళ్లను సంతలో అమ్మవద్దు. గుడ్ల కోసం ఉంచుకుంటే ఉంచుకోండి గాని, కొత్తవాటిని వీటితో కలపవద్దు. మళ్లీ మంద పెంచాలనుకుంటే వీటిని పూర్తిగా వదిలించుకున్నాక, నమ్మకమైన హాచరీ నుంచి పిల్లలు తెచ్చుకోవడమే నా సలహా. అప్పుడు కూడా, బయటి నుంచి వచ్చిన కోడి ఏదైనా మూడు వారాలు విడిగా ఉండాలి. పందేనికి వెళ్లి తిరిగొచ్చిన పుంజుకు కూడా ఇదే వర్తిస్తుంది. మీ జిల్లాలో సంక్రాంతి తర్వాత జబ్బులు పెరగడానికి బరుల దగ్గర ఊరూరి పుంజులు కలవడం ఒక కారణం.

ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చచ్చినా, జుట్టు, తమ్మెలు నీలంగా మారినా బర్డ్ ఫ్లూ అని అనుమానించాలి. 2025 ఫిబ్రవరిలో మీ పక్కనే, తణుకు మండలం వేల్పూరులో ఇది తేలింది. అలాంటప్పుడు చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టుకోవద్దు, కోసుకోవద్దు, కాలవలో వేయవద్దు. పశుసంవర్ధక శాఖకు వెంటనే తెలపండి. సంచార పశువైద్య వాహనం నంబరు 1962.

కొత్త పిల్లలు వచ్చాక, కొక్కెర తెగులు రాకుండా 5–7 రోజుల వయసులో లసోటా టీకా చుక్క కంట్లో, నాలుగో వారంలో మళ్లీ, 8–10 వారాలకు ఆర్‌2బి అనే టీకా ఇంజెక్షన్ రెక్క కింద వేయించాలి. ఆర్‌2బి అంతకన్నా చిన్న పిల్లలకు వేస్తే టీకాయే జబ్బు తేవచ్చు. టీకాకు వారం ముందు నట్టల మందు తాగించండి. జబ్బుగా ఉన్న కోళ్లకు మాత్రం టీకా వేయకూడదు, కాబట్టి ఇప్పుడున్న వాటికి తగ్గేదాకా ఆగండి. ఒక సీసా వంద కోళ్లకు సరిపడేలా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఇరవై కోళ్ల కోసం సీసా తెరవలేక చాలామంది టీకానే మానేస్తున్నారు. మీ వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు ఒకే రోజు, కోళ్లు గూటి నుంచి బయటకు రాకముందే వేయించుకునేలా రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడితో ముందుగా మాట్లాడుకోండి. సీసాను ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే తెమ్మనండి.