నురగ పోసిన ప్లాస్టిక్ బస్తాల బరువు మోస్తుందా?

ప్రశ్న: మడికొండ పారిశ్రామిక వాడలో కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి వస్తువులు చేసే ఇంజెక్షన్ మోల్డింగ్ మిషన్ మాకు ఉన్నది, అచ్చును మూసి పట్టే దాని బలం 150 టన్నులు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు నేలకు తగలకుండా వేసుకునే 60 సెంటీమీటర్ల చదరపు పలకలను పాలీప్రొపిలీన్‌తో చేయాలన్నది మా ఆలోచన. చిన్న నమూనా తీసి చూస్తే మందం ఉన్న చోటల్లా పైన గుంటలు పడుతున్నాయి. తక్కువ ఒత్తిడితో లోపల నురగ వచ్చేలా పోసే పద్ధతి ఉన్నదట. లోపల బుడగలుంటే పలక విరగదా? మా మిషన్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మడికొండ

జవాబు: మీ మొదటి సందేహానికి జొన్న కాడను విరిచి చూస్తే సమాధానం దొరుకుతుంది. లోపల ఉండేది మెత్తని బెండే అయినా, చుట్టూ ఉన్న గట్టి పెచ్చు వల్ల కాడ గాలికి వంగుతుందే గాని తొందరగా విరగదు. ఈ పద్ధతిలో వచ్చే వస్తువు నిర్మాణం కూడా ఇదే. కరిగిన ప్లాస్టిక్ చల్లని అచ్చు గోడకు తగిలిన చోట బుడగలు దాదాపు లేకుండా గట్టిపడి చర్మంలా నిలుస్తుంది, వేడి నిలిచిన నడిమి భాగంలో మాత్రం ప్లాస్టిక్‌లో కలిపిన వాయువు విచ్చుకొని నురగ అవుతుంది. పలక వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పై, కింది పొరల మీదే కాబట్టి నడుమ కొంత పదార్థం తగ్గినా నష్టం స్వల్పం. పైగా వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల గట్టి పలకకు పట్టే దానాతోనే, అంటే ప్లాస్టిక్ గింజలతోనే, సాంద్రత 20 శాతం తగ్గించి, 7.5 మిల్లీమీటర్ల నురగ పలక చేయవచ్చు. మందం ఒక్కటే లెక్కిస్తే బిగువు దాదాపు రెట్టింపు కావాలి. నురగ వల్ల అందులో కొంత తగ్గినా గట్టి పలక కంటే ఎక్కువే మిగులుతుంది. అయితే బిగువు వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. బస్తాను పైనుంచి విసిరితే నురగ పలక ముందుగా పగలవచ్చు. నెలల తరబడి బరువు కింద, అందులోనూ మన ఎండాకాలపు వేడిలో, పాలీప్రొపిలీన్ మెల్లగా కుంగుతుంది కూడా. అందుకని కింద అడ్డపట్టీలు తప్పనిసరి.

గుంటల సంగతికి వస్తే, మందమైన చోట ప్లాస్టిక్ చల్లబడి కుంచించుకుపోతున్నప్పుడు పై పొర లోపలికి లాగబడడమే కారణం. నురగ పద్ధతిలో అచ్చును పూర్తిగా నింపకుండా 80 నుంచి 90 శాతం వరకే పోస్తారు. మిగిలిన ఖాళీని వాయువే ఉబ్బి నింపుతుంది, లోపలి నుంచి తోస్తూ గుంట పడకుండా చూస్తుంది.

ఇక మిషన్. మామూలు మోల్డింగ్‌లో అచ్చు లోపలి ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు సుమారు 300 కిలోలుగా తీసుకుంటే, 3,600 చదరపు సెంటీమీటర్ల మీ పలక అచ్చును మూసి పట్టడానికి కావలసిన బలం వెయ్యి టన్నులు దాటుతుంది. నురగ పద్ధతిలో ఆ ఒత్తిడి 35 కిలోల చుట్టుపక్కల ఉంటుంది కనుక 126 టన్నులు చాలు. ఈ లెక్క చూసి సంతోషపడి అచ్చుకు ఆర్డర్ ఇవ్వకండి. 6 మిల్లీమీటర్ల మందంతోనే ఆ పలక బరువు, నురగతో కూడా, ఒకటిన్నర కిలో దాటుతుంది. మీ స్థాయి మిషన్ ఒక షాట్‌లో, అంటే ఒక్కసారికి, పోయగలిగేది సాధారణంగా కొన్ని వందల గ్రాములే, అచ్చు చుట్టూ ఉండే మిషన్ కడ్డీల (టై బార్ల) నడుమ అంత అచ్చు పట్టడమూ కష్టమే. ఈ పనికోసమే తయారైన మిషన్లలో అచ్చును మూసి పట్టే (క్లాంపింగ్) బలం తక్కువగా, షాట్ పెద్దగా ఉండడానికి కారణం ఇదే. 20 × 25 సెంటీమీటర్ల ముక్కలుగా చేసి, ఒకదానికొకటి తగిలించుకునే ఏర్పాటు పెడితే ఒక్కొక్కటి పావు కిలో లోపే ఉంటుంది. మీ మిషన్ మీద సాధ్యమయ్యే దారి నాకు ఇదొక్కటే కనిపిస్తున్నది.

వాయువు కోసం నత్రజని సిలిండర్లు, ప్రత్యేక పరికరాలు కొనే బదులు, దానాలో కలిపే మాస్టర్‌బ్యాచ్‌తో, అంటే వేడికి వాయువు విడిచే రసాయనం ఉన్న గింజలతో, మొదలుపెట్టండి. అజోడైకార్బనమైడ్ ఉన్న రకం సుమారు 200 డిగ్రీలు దాటాక విడిపోయి ప్రధానంగా నత్రజనిని ఇస్తుంది. దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆహారానికి తగిలే ప్లాస్టిక్‌లో దానిని ఐరోపాలో 2005లోనే నిషేధించారు. రేపు కూరగాయల పెట్టెలకు కూడా ఇదే పద్ధతి వాడాలనుకుంటే సోడియం బైకార్బొనేట్ రకమే మేలు, అంటే మిర్చి బజ్జీ పిండిలో వేసే వంట సోడాయే. మిషన్ మూతికి (నాజిల్‌కు) మూసుకునే వాల్వు లేకపోతే ప్లాస్టిక్ ముందే కారిపోతుంది. వేగంగా పోయాలి, అచ్చుకు గాలి పోయే సన్నని దారులు ఉంచాలి. చల్లబడే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 3 మిల్లీమీటర్ల వస్తువుతో పోలిస్తే 6 మిల్లీమీటర్లకు నాలుగింతలు. తొందరపడి తీస్తే పలక బయటకు వచ్చాక కూడా ఉబ్బుతుంది. గంటకు ఎన్ని వస్తాయో ధర వేసేముందే లెక్క చూసుకోండి.

ప్రశ్న: నురగ పద్ధతిలో చేసిన వస్తువుల పైన పాలరాయి మీది చారల వంటి గీతలు ఎందుకు వస్తాయి? రంగు వేస్తే పోతాయా?
– ఒక పాలిటెక్నిక్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: పారుతున్న ప్లాస్టిక్ ముందు అంచున బుడగలు పగిలి, అచ్చు గోడ మీద సాగి అలాగే గడ్డకట్టడం వల్ల ఆ చారలు పడతాయి. అచ్చు వేడి పెంచితే కొంత తగ్గుతాయి. లోపలి వాయువు మెల్లగా బయటికి పోవడానికి ఒకటి రెండు రోజులు ఆగి, నునుపుగా రుద్ది రంగు వేస్తే కనబడవు. ఆగకుండా వేస్తే రంగు కింద పొక్కులు లేస్తాయి.