నటుడు రాస్తే పాత్ర చేతులకు పని దొరుకుతుంది

"డిగ్రీ అయిపోయింది, ఉండేది హనుమకొండలో. నటుడిగా, స్క్రీన్‌ప్లే రచయితగా ఇండిపెండెంట్ సినిమాలు చేయాలని ఉంది. హైదరాబాద్‌కు మారాల్సిందేనా?" అని మీరు అడిగారు.

అక్కర్లేదు. నేను వరంగల్‌లోనే ఉంటూ చిన్న సినిమాలు రాస్తాను, వాటిలో నటిస్తాను. హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్‌లో గది తీసుకుని ఆడిషన్ ఫోన్ కోసం చూసే నా స్నేహితుల కంటే నేనే ఎక్కువ వేషాలు వేశాను. నా వేషం నేనే రాసుకుంటాను కాబట్టి నాకు ఒకరు ఫోన్ చేయాల్సిన పని లేదు. అయితే ఊరు మారడం కన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. మీరు అడగలేదు కానీ చెప్తాను.

నాకు వచ్చే స్క్రిప్టుల్లో చాలావాటికి మాటలే మొదలు, మాటలే చివర. చాయ్ బండి దగ్గర ఇద్దరు నిలబడి రెండు పేజీలు మాట్లాడుకుంటారు. తీసేటప్పుడు నటుడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ ఇబ్బంది కూర్చుని రాసేవాడికి కనిపించదు, కెమెరా ముందు నిలబడ్డవాడికి మొదటి టేక్‌లోనే తెలుస్తుంది. అందుకే నటుడు రాసిన సీన్ వేరుగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తీసిన సీన్ గురించి చెప్పాలి. మిర్చి సీజన్‌లో అక్కడ పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, పాడతారు. మంచి సరుకున్న ఏదో ఒక లాట్‌కు ఆ రోజు పై ధర పలుకుతుంది. ఆ ధర విని యార్డంతా ఆశ పడుతుంది. తర్వాత మిగతా బస్తాల దగ్గరికి వచ్చి తాలు కాయ ఉందని, తేమ ఉందని ధర కోస్తారు. నా కథలో ఒక తండ్రీ కొడుకూ రాత్రంతా బస్తాల పక్కనే పడుకుని ఆ పాట కోసం ఎదురుచూస్తారు. కొడుకు నేను. తండ్రి వేషానికి ఐనవోలు మల్లన్న జాతరలో కథ చెప్పే ఒక పెద్దాయనను అడిగాను. ఆయన మల్లన్న కథను ఆడుతూ పాడుతూ చెప్పే ఒగ్గు కళాకారుడు, మిర్చి వేసే రైతు కూడా.

సీన్ మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు. "మాటలు నేను జూసుకుంట బిడ్డా. ఆడ నా చేతులు ఏం జేస్తయి?"

సినిమా రాయడం గురించి నేను విన్న అన్నిటికన్నా మంచి ప్రశ్న అది. ఇద్దరం బస్తాల మీద కూర్చుని మాటలు పక్కన పెట్టి పని రాసుకున్నాం. వ్యాపారి రాకముందు ఆయన బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, నడిమి నుంచి కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. వ్యాపారి వస్తాడు, పాట కన్నా బాగా తక్కువ చెప్తాడు. ఇక్కడ కొడుకు అరవాలి, తండ్రి రెండు ముక్కలు పెద్దగా మాట్లాడాలి అనిపిస్తుంది కదా. తండ్రి వేషం వేసిన తాత మాత్రం దబ్బనం తీసి, సుతిలి ఎక్కించి, బస్తా మూతి కుట్టడం మొదలుపెట్టాడు.

అంతే. సరుకు అమ్మనంటున్నాడని యార్డులో అందరికీ అర్థమైంది. పక్కనున్న హమాలీకి మేము సినిమా తీస్తున్నామని పట్టలేదు, "ఏం తాతా, కోల్డ్ స్టోరేజీల పెడ్తవా?" అన్నాడు. తాత తల ఎత్తకుండా "బేరం కుదరలే" అన్నాడు. ఆ రెండు మాటలూ సినిమాలో అలాగే ఉన్నాయి. మిర్చి ఘాటుకు వచ్చిన దగ్గులు కూడా ఉన్నాయి. డబ్బింగ్ చేద్దామన్న ఎడిటర్‌తో గొడవపడి మరీ ఉంచాను.

బి. నర్సింగరావు సినిమా 'దాసి' (1988) చూడండి. దొర గడీలో పనిమనిషి బతుకును ఆమె రోజంతా చేసే చాకిరీతోనే చూపిస్తారు. ఆ పాత్రకే అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. సిరిసిల్ల నుంచి వెళ్లిన వేణు యెల్దండి ఏళ్ల తరబడి కామెడీ వేషాలు వేసి, 2023లో 'బలగం' రాసి తీశాడు, అందులో తానూ నటించాడు. ఒక ఇంట్లో చావు, పిట్టకు పెట్టడం, దాని చుట్టూ మనుషులు. ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టుకుని కలిసి చూశాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుంది? కూలి పని చేసిన ఆమె ఊళ్లో తీసిన వీడియోలతోనే సినిమాల దాకా వెళ్లింది.

ఇన్‌స్టిట్యూట్ అంటే గుర్తొచ్చింది. వేలకు వేలు ఫీజు కట్టించుకుని ఏడవడం, అరవడం నేర్పుతారు. అక్కడ నేర్చుకుని వచ్చిన కుర్రాడికి రైతు వేషం ఇస్తే మెడలో తువ్వాల వేసుకుని ఆకాశం వైపు చూస్తాడు. గడ్డపార పట్టమంటే పట్టలేడు. ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య కథ చెప్పిన నేల మీద ఉండి నటన కోసం ఇంకెక్కడికో పోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఒగ్గు కథలో ఒకే మనిషి భుజం మీది బట్ట సర్దుకుని రాజవుతాడు, మరుక్షణం రాణి అవుతాడు. దాని ముందు రాత్రంతా కూర్చోండి, టికెట్ కూడా లేదు.

ఆడిషన్లు వదులుకోమని అనడం లేదు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నంలోపు ఆఫీసులో ఉండొచ్చు, రాత్రికి ఇంటికి రావొచ్చు. కథ చెప్పడానికి వెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒక నిర్మాత నా కథ వింటున్నంతసేపూ ఫోన్ చూసుకుని, చివర్లో "లైన్ వాట్సాప్‌లో పెట్టు" అన్నాడు, లైన్ అంటే కథ సారం రెండు ముక్కల్లో. నేను పెట్టలేదు. ఆలోచనకు కాపీరైట్ ఉండదు, రాసిన రూపానికే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. కాబట్టి సీన్లవారీగా పూర్తిగా రాసుకోండి. ముంబై స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే ఆన్‌లైన్‌లోనే రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ తర్వాతే ఎవరికైనా పంపండి.

మొదటి స్క్రిప్ట్ పది పేజీలు దాటకుండా చూసుకోండి, పేజీకి సుమారు ఒక నిమిషం లెక్క. వేషం మీకోసమే రాసుకోండి, మీకు నిజంగా చేతనైన పని ఒకటి ఆ పాత్రకు ఇవ్వండి. సంక్రాంతికి ఐనవోలు జాతరలో నేను ఉంటాను. రాసింది ఉంటే తీసుకురండి, అక్కడే కూర్చుని చదువుదాం.