రొట్టె చేతులు మారాలి కదా

అమ్మాయీ,

నెల్లూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అణువులు ఢీకొంటేనే రసాయన చర్య జరుగుతుందని చెప్పడానికి రొట్టెల పండుగను తెచ్చావే, అది నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. కానీ సగంలో వదిలేశావు. కోరికకో రొట్టె చొప్పున మార్చుకోవడానికి స్వర్ణాల చెరువులో జనం భుజాలు రాసుకుంటూనే తిరుగుతారు. అంతమాత్రాన రొట్టె చేతులు మారుతుందా? ఉద్యోగ రొట్టె కావాల్సినవాడికి ఆ రొట్టె పట్టుకున్నవాడే ఎదురవ్వాలి. అణువులు కూడా సరైన వైపు నుంచి తగలాలి. ఆ ముక్క చేర్చు.

ఇడ్లీ పిండి ఎండాకాలంలో తొందరగా పులుస్తుందన్న ఉదాహరణ తీసెయ్. అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ లెక్క వేరు.

అసలు పేచీ మూడో పేరాతో. పది డిగ్రీలు పెరిగితే అణువులు ఎక్కువసార్లు ఢీకొంటాయి కాబట్టి చర్య వేగం రెట్టింపు అవుతుందన్నావు. లెక్క వేశావా? 300 కెల్విన్ నుంచి 310కి వెళ్తే ఢీకొనడాలు నూటికి రెండు కూడా పెరగవు. మరి ఆ రెట్టింపు (అదీ అన్ని చర్యలకూ కాదు, చాలావాటికి, సుమారుగా) ఎక్కడిది? చర్య జరగడానికి కావాల్సిన కనీస శక్తి ఒకటుంది, అదే గడప. ఆ గడప దాటేంత శక్తితో తగిలేవి రెట్టింపవుతాయి. ఆ గడప మాట 1889లోనే అర్హీనియస్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఢీకొనడాల లెక్క 1916లో ట్రౌట్జ్, 1918లో లూయిస్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా కట్టారు.

ఇంకోటి, హైపో (సోడియం థయోసల్ఫేట్) ప్రయోగం చెయ్యకుండానే రాశావని తెలిసిపోతోంది. కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టి, దానిపై ఫ్లాస్కు ఉంచి, హైపో ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కాసేపు ఏమీ కనపడదు. తర్వాత గంధకం పలచగా కమ్ముకుంటుంది, గీతల అంచులు అలుక్కుపోతాయి. ఇక కనపడదు అనే క్షణం ఎవరి కన్నుకు వాళ్లది. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒక్కళ్లే చూడాలి.

డిగ్రీలో ఓ మే నెల, ఇదే ప్రయోగం చేస్తుంటే ల్యాబులో ఫ్యాన్లు ఆగిపోయాయి. గుర్తు మాయమవడానికి పొద్దున 52 సెకన్లు పట్టింది, మధ్యాహ్నానికి 40 అయింది. స్టాప్‌వాచ్ సరిగ్గా నొక్కలేదని నా పార్ట్‌నర్‌ని చెడామడా తిట్టాను. థర్మామీటర్ పక్కనే ఉంది, ఇద్దరిలో ఒక్కరం కూడా చూడలేదు.

మీ మేడమ్‌ని అడిగి ల్యాబులో చెయ్యి. కిటికీలు తీసిపెట్టు, సల్ఫర్ డయాక్సైడ్ ఘాటుకి దగ్గొస్తుంది. రెండు ఉష్ణోగ్రతల దగ్గర వచ్చిన సెకన్లు నాకు రాసి పంపు. మూడో పేరా అప్పటిదాకా ముట్టుకోకు.

ఆశీస్సులతో,
ఒంగోలు నుంచి మీ మాస్టారు